ఊరు మెరకన, చేను పల్లాన

నెల్లూరు నుండి మైపాడు సముద్రతీరానికి పాతిక కిలోమీటర్లకు లోపే. ఇందుకూరుపేట మీదుగా వెళ్ళే ఆ రోడ్డు మా ఇద్దరికీ చిన్ననాటి నుండీ తెలుసు. రెండు వైపులా వరిచేలు, మధ్య మధ్య తాటిచెట్లు, పంటకాలువల మీద చిన్న చిన్న కల్వర్టులు. సెలవులకు సముద్రస్నానానికి వెళ్ళినా, పెండ్లిళ్ళకు వెళ్ళినా ఆ పచ్చదనాన్ని దాటుకునే వెళ్ళేవాళ్ళం.

2021 మార్చిలో మాత్రం వేరే పని మీద వెళ్ళాము. ఉద్యోగ విరమణ దగ్గరపడింది. అద్దె ఇండ్లలో ముప్పై ఏండ్లు గడిపిన వాళ్ళం. ఎక్కడో ఒకచోట కాస్త స్థలం కొని సొంత ఇల్లు కట్టుకోవాలన్న ఆశ. స్థలాలు అమ్మే ఒక సంస్థవారు తామే కారు పంపి, దగ్గరుండి తీసుకువెళ్ళారు.

కారు ఆగినచోట ఒక పెద్ద తోరణం, దాని వెనుక ఎర్రమట్టి రోడ్లు, తెల్లసున్నం పూసిన హద్దురాళ్ళు. రాళ్ళ మధ్య ఇంకా పాత వరిదుబ్బులు కనబడుతూనే ఉన్నాయి. పక్క చేలో కోతమిషను తిరుగుతోంది.

"ఇరవై నాలుగు అంకణాలు తీసుకోండి సార్, తూర్పు ఫేసింగు. రెండేండ్లలో రెట్టింపు అవుద్ది" అన్నాడు వెంట వచ్చిన కుర్రవాడు.

మా వైపు ఇంటిస్థలాన్ని గజాల్లో కాదు, అంకణాల్లో లెక్కపెడతారని ఇతర జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు, అనగా 8 గజాలు. ఎకరానికి 605 అంకణాలు. ఆ లెక్క గుర్తుంచుకోండి. దానితో మళ్ళీ పని పడుతుంది.

పుట్టి లెక్క, అంకణం లెక్క

కుర్రవాడు ఫోనులో మాట్లాడుతుండగా మేము గట్టు మీదికి నడిచాము. పక్క చేను రైతు, డెబ్బై ఏండ్లు పైబడిన పెద్దాయన, కోత దగ్గర నిలబడి ఉన్నాడు. పంట ఎలా ఉందని అడిగాము.

"బాగానే ఉంది సారూ. ఎకరాకు మూడున్నర పుట్లు అవుతాయి" అన్నాడు.

నెల్లూరు పుట్టి 850 కిలోలు. మూడున్నర పుట్లంటే సుమారు మూడు వేల కిలోల ధాన్యం. మరపట్టిస్తే దాదాపు రెండు వేల కిలోల బియ్యం. మనిషికి నెలకు పది కిలోలు వేసుకున్నా, ఆ ఒక్క ఎకరం ఒక్క పంటతో పదహారుమందికి ఏడాది పొడవునా అన్నం పెడుతుంది. నీళ్ళుండి ఎడగారు కూడా వేస్తే ఇంకా ఎక్కువ. మేము నిలబడ్డ లేఅవుటు పన్నెండు ఎకరాలు. అంటే దాదాపు రెండువందలమంది కంచాలు.

నెల్లూరు అన్న పేరు ఉసిరికి చెందిన నెల్లి చెట్టు నుండి వచ్చిందని కొందరు, వరికి పేరైన నెల్లు నుండి వచ్చిందని కొందరు అంటారు. రెండోదే నిజమని ఈ చేలు చూసిన వాళ్ళకు అనిపిస్తుంది. నెల్లూరు మొలగొలుకుల బియ్యం ఒకప్పుడు ఎంత పేరుపొందిందో పెద్దలకు గుర్తే. ఇక్కడి వరి పరిశోధనా స్థానం 1937 నుండి ఉంది. 1855లో నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టారు. తరువాత సంగం ఆనకట్ట వచ్చింది. వాటి బదులు కట్టిన రెండు కొత్త బ్యారేజీలను 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. పెన్నా డెల్టా కింద సుమారు 2.47 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నూట డెబ్బై ఏండ్లుగా తరతరాల డబ్బు, చెమట ఖర్చుపెట్టి నీరు తెచ్చిన నేల ఇది. నీరు తేవడానికి ఇంత కాలం పట్టింది. ఒక లేఅవుటు వేయడానికి రెండు నెలలు చాలు.

"మీరు అమ్మరా?" అని అడిగాము.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పిన మాటలు మాకు ఇప్పటికీ గుర్తే. "అమ్మకూడదనే ఉండింది సారూ. కానీ మొదట ఆ చివర చేను అమ్మారు. వాళ్ళు మట్టి తోలి ఎత్తు చేశారు. మా బోదె కాలువ ఆ చేలో నుంచే రావాల. పూడిపోయింది. నీళ్ళు రావు. వానొస్తే వచ్చిన నీళ్ళు పోవు. పిలకాయలిద్దరూ మద్రాసులో ఉండారు. కూలి పెరిగింది. ఇంకా ఎన్నేండ్లు చేస్తా?"

పొలాలు ఒక్కొక్కటిగా పోవు, వరుసగా పోతాయి అన్న సంగతి అప్పుడు అర్థమయింది. చేను ఒంటరి వస్తువు కాదు. పైచేను నుండి కిందిచేనుకు నీరు పారాలి, కిందిచేను నుండి మురుగుకాలువకు పోవాలి. మధ్యలో ఒక్కరు మెరక వేస్తే పైవాడి చేను చెరువవుతుంది, కిందివాడి చేను ఎండుతుంది. వాళ్ళకు అమ్ముకోవడం తప్ప దారి ఉండదు. రైతు ఆశపడి అమ్ముతున్నాడని మనం తేలికగా అంటాం. చాలామంది ఆశతో కాదు, దారిలేక అమ్ముతున్నారు.

ఆ మెరక వేయడానికి గ్రావెల్ కావాలి. దాని కోసం మెట్టప్రాంతాల్లో గుట్టలు తవ్వుతారు. ఒక ఇంటికోసం రెండుచోట్ల నేల పోతుంది. పల్లంలో చేను, మెట్టలో గుట్ట.

దిబ్బ మీద ఊరు

ఆ రోజు స్థలం సంగతి తేల్చకుండా, ఎలాగూ ఇంత దూరం వచ్చాము గదా అని సముద్రం దాకా వెళ్ళాము. దారిలో పాత ఊళ్ళను ఎప్పుడూ చూడని కళ్ళతో చూశాము.

ఆ ఊళ్ళన్నీ దిబ్బల మీదే ఉన్నాయి. రోడ్డు నుండి ఊరిలోకి పోవాలంటే కాస్త ఎక్కాలి. చెరువు ఊరికి ఒక పక్క, చేలు పల్లంలో, శ్మశానం దూరంగా, పశువుల బీడు వేరే. ఎవరూ కాగితం మీద ప్లాను గీయలేదు. అయినా పండే నేలలో ఇల్లు కట్టకూడదు, నీరు పోయే దారిలో పడుకోకూడదు అన్న రెండు సూత్రాలు అందులో ఉన్నాయి. ఊరు మెరకన, చేను పల్లాన. అంతే.

ఇప్పుడు మనం స్థలం ఎన్నుకునే సూత్రం ఒక్కటే. రోడ్డు పక్కన ఉండాలి. డెల్టాలో రోడ్డు పక్కన ఉండేవి పంటచేలే.

బకింగ్‌హామ్ కాలువ దాటాము. ఒకప్పుడు మద్రాసుకు పడవలు నడిచిన ఆ ఉప్పుకాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి ఉంది. పనికిరాని కాలువ అని అనుకునేవాళ్ళం. కాని 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, మన తీరం పొడవునా ఆ కాలువే ఎగసివచ్చిన నీటిని తనలో పట్టుకొని, ఆ వేగాన్ని తగ్గించిందని తరువాత పరిశీలించినవారు చెప్పారు. ఖాళీగా కనబడే జాగా ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది. ఆ పని ఏమిటో ఆపద రోజున తెలుస్తుంది.

కాలువ దాటితే ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు, మొగలి పొదలు. అక్కడ ఒక పల్లెకారుల అవ్వ దొరువు నుండి బిందెతో నీళ్ళు తోడి వేరుశనగ మడికి పోస్తోంది. దొరువు అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. అంత ఉప్పు సముద్రానికి కూతవేటు దూరంలో తియ్యటి నీరు! మేము దోసిట పట్టి తాగి చూశాము.

"దిబ్బ ఉన్నంతకాలమే అమ్మా ఈ నీళ్ళు. ఇసుక ఎత్తుకుపోతే ఉప్పే" అంది అవ్వ.

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు శాస్త్రమే. వానకు కురిసిన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలిక పొరగా నిలుస్తుంది. దిబ్బను తీసివేసినా, బోర్లు వేసి ఎక్కువగా తోడినా ఆ పొర పలచబడి ఉప్పు పైకి వస్తుంది. వరుసగా ఇండ్లు, విడిదిగృహాలు కట్టి, ఇంటింటికీ ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు పెడితే ఆ దొరువు ఎన్నాళ్ళు ఉంటుంది?

ఈ తీరాన్ని కాపాడటానికి 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. పెద్ద పోటు వచ్చే గీత నుండి 500 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గ్రామీణ ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కూడదన్నారు. 2011లోనూ 2019లోనూ దాన్ని మార్చారు. జనం ఒత్తుగా ఉండే గ్రామీణ ప్రాంతాలకు ఆ 200 మీటర్లను 50కి తగ్గించింది 2019 ఉత్తర్వే. దిబ్బకు మాత్రం ఈ ఉత్తర్వులు తెలియవు. దానికి కావలసినంత జాగా దానికి కావాలి.

ఒకసారి చూసిన పాఠమే

నెల్లూరు తీరానికి ఈ పాఠం కొత్త కాదు. 1980ల చివర, 90ల మొదట్లో రొయ్యల గుంటల వెర్రి వచ్చింది. కండలేరు ఉప్పుటేరు వెంబడి, తీరగ్రామాల్లో వరిచేలను తవ్వి ఉప్పునీరు పెట్టారు. మొదట్లో డబ్బు కురిసింది. 1994 చివరిలో తెల్లమచ్చల వైరస్ వచ్చి గుంటలకు గుంటలే తుడిచిపెట్టుకుపోయాయి. గుంటలు విడిచిన చోట నేల ఉప్పుబారింది. పక్కవాడి చేను, ఊరి మంచినీళ్ళ బావి కూడా చెడ్డాయి.

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. పంటభూములు, ఉప్పుమళ్ళు, మడ అడవులు, చిత్తడి నేలలు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల గుంటలుగా మార్చకూడదన్నది. ఆ తరువాత వాదోపవాదాలు నడిచి 2005లో కొత్త చట్టం వచ్చింది, రొయ్యల సాగు నియమాలతో సాగుతూనే ఉంది. కాని ఆ రోజుల్లో పల్లెల్లో మేము విన్న ఒక మాట మరువలేము. "వరి నుంచి ఉప్పుకు ఒక్కరోజులో పోయినాం. ఉప్పు నుంచి వరికి ఎన్నేండ్లయినా రాలేకపోయినాం."

రొయ్యల గుంటను మంచినీటితో కడిగి, ఏండ్ల తరబడి కష్టపడితే కొంతైనా తిరిగి రావచ్చు. కాంక్రీటు వేసిన చేను మాత్రం తిరిగి రాదు.

నీరు తన దారి వెదుక్కున్నప్పుడు

మేము స్థలానికి బయానా ఇవ్వాలా వద్దా అని నెలల తరబడి తర్జనభర్జన పడ్డాము. ఇంట్లో అబ్బాయి "కొనండి నాన్నా, ఇప్పుడు వదిలితే ఇక కొనలేరు" అని పట్టుబట్టాడు. అతని మాటా నిజమే.

ఇంతలో 2021 నవంబరు వచ్చింది. పైనుండి కుండపోత, సోమశిల నుండి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు. పెన్న ఒడ్డున నెల్లూరు కాలనీల్లోకి, కోవూరు వైపు పల్లెల్లోకి వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. 2015 నవంబరులో ముంపు చూసిన వాళ్ళం, మళ్ళీ ఆరేండ్లకే చూశాము.

నీళ్ళు తగ్గాక డిసెంబరులో మళ్ళీ మైపాడు రోడ్డులో వెళ్ళాము. పాత ఊళ్ళ దిబ్బలు తడిసి ఉన్నాయి, కాని మునగలేదు. మాకు చూపించిన తూర్పు ఫేసింగు స్థలంలో మోకాటిలోతు నీళ్ళు. హద్దురాళ్ళ తలలు మాత్రం కనబడుతున్నాయి. పక్కన పెద్దాయన చేలో నారు కుళ్ళి ఉంది. లేఅవుటు మెరక అడ్డుపడి ఆ నీరు మురుగుకాలువకు పోలేకపోయింది. ఆయన గట్టు మీద కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి "కొన్నారా సారూ?" అని అడిగాడు. లేదన్నాము. "నేను అమ్మేస్తా ఉండాను" అన్నాడు.

ఆ మాటకు మావద్ద జవాబు లేదు.

ఇండ్లు లేనివారి మాట

ఈ వ్యాసం ఇక్కడ ఆపితే సగం నిజమే చెప్పినట్టు. మా సంఘంలో ఒక సహోదరి ఉంది. నాట్లకు, కలుపులకు వెళ్ళి ముగ్గురు పిల్లలను పెంచింది. ఎన్నో ఏండ్లు కాలువగట్టు మీద గుడిసెలో ఉంది. ఆమెకు ఇంటిపట్టా వచ్చినప్పుడు అందరం సంతోషించాము. వెళ్ళి చూస్తే అది ఆమె ఒకప్పుడు నాటు వేసిన పల్లపు చేనే.

"మాకు ఇల్లూ కావాలమ్మా, నాట్లూ కావాల. ఒకటిచ్చి ఒకటి తీసుకుంటే ఎట్టా?" అని ఆమె అడిగింది.

పొలం కాపాడండి అని చెప్పడం సొంత ఇల్లు ఉన్నవారికి సులువు. చేను పోతే భూస్వామికి డబ్బు వస్తుంది, కూలికి మాత్రం పని పోతుంది. ఇల్లు లేకపోతే కూడా నష్టపోయేది ఆ కూలియే. కనుక పొలమా ఇల్లా అన్న ప్రశ్నే తప్పు. ఎక్కడ ఇల్లు, ఎక్కడ పొలం అన్నది సరైన ప్రశ్న.

దీనికి దారులు లేకపోలేదు. కేరళవారు 2008లో వరిభూముల, చిత్తడినేలల పరిరక్షణ చట్టం చేశారు. వరిచేను పూడ్చడం నిషేధం. కాని వేరే చోటు లేని యజమాని తన నివాసం కోసం అనుమతి పొంది, పంచాయతీలో 10 సెంట్లు, పట్టణంలో 5 సెంట్లు వరకు వాడుకోవచ్చు. పేదవాని గూటిని, వ్యాపారి లేఅవుటును ఆ చట్టం ఒకే కొలతతో కొలవలేదు. చెరువులను ఇండ్లస్థలాలకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. మన రాష్ట్రంలో 2006 నాటి చట్టం పంటభూమిని వేరే అవసరాలకు మార్చాలంటే అనుమతి, రుసుము ఉండాలన్నది. ఆ చట్టాన్నే రద్దు చేయాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. నిజానికి రుసుము కట్టించుకోవడం వేరు, నేలను కాపాడటం వేరు. డబ్బు కట్టినంతమాత్రాన బోదె కాలువ తిరిగి పారదు.

నెల్లూరుకు 2017లో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇటువంటి సంస్థలు ప్లాను గీసేటప్పుడు మొదట రోడ్లు కాదు, నీటిదారులు గీయాలి. కాలువలు, బోదెలు, మురుగుకాలువలు, చెరువులు, ఇసుకదిబ్బలు, రెండుకార్ల చేలు ముందు గుర్తించి పక్కన పెట్టాలి. మిగిలిన మెరకలో, పంటకు నోచని మెట్టలో, ఊరి నడుమ పాడుపడిన జాగాల్లో ఇండ్లకు చోటు వెదకాలి. లేఅవుటులో పార్కుకు వదలవలసిన 10 శాతం స్థలాన్ని ఏదో మూలన కాక, పాత కాలువ వెంబడే వదిలితే కాలువా బతుకుతుంది, పిల్లలకు నీడా దొరుకుతుంది.

ఖాళీ జాగా, చేను, ఊరు కలిసి ఎలా బతుకుతాయో చూడాలంటే నేలపట్టు వెళ్ళండి. సూళ్ళూరుపేటకు దగ్గరలో, దొరవారిసత్రం మండలంలో ఉంది. 2022 వరకు మా జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. 1976 నుండి పక్షుల రక్షితకేంద్రం. గూడబాతులు చెరువులోని చెట్ల మీద గూళ్ళు కట్టి, పులికాట్ సరస్సుకు పోయి చేపలు తెచ్చి పిల్లలను సాకుతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువునీరు పొలాలకు ఎరువు. అందుకే ఆ ఊరివారు ఆ పక్షులను తరతరాలుగా తమ ఇంటి పిల్లల్లా చూసుకుంటున్నారు. అక్కడ చెరువు పూడ్చి పది ప్లాట్లు వేస్తే పోయేది చెరువు ఒక్కటే కాదు. పక్షి పోతుంది, ఎరువు పోతుంది, పంట పోతుంది.

మేము ఏమి చేశాము

మేము ఆ స్థలం కొనలేదు. నెల్లూరులోనే ఒక ఇరుకు వీధిలో పద్దెనిమిది అంకణాల పాత పెంకుటిల్లు కొని, గోడలు బాగుచేయించి, పైన ఒక గది వేసుకున్నాము. తూర్పు ఫేసింగు కాదు, కారు పెట్టుకునే చోటు లేదు. మా అబ్బాయి చెప్పినట్టే మైపాడు రోడ్డులో ధరలు బాగా పెరిగాయి. మేము నష్టపోయామని అతడు ఇప్పటికీ అంటాడు. కావచ్చు. మేము కొననంత మాత్రాన ఆ చేను మిగలలేదు కూడా. అయినా మా అన్నం కంచం ముందు కూర్చున్నప్పుడు మాకు ఒక బరువు తగ్గింది.

స్థలం కొనబోయే పాఠకులకు మా అనుభవం నుండి ఒక మాట. తూర్పా పడమరా అని అడిగే ముందు ఈ నాలుగూ అడగండి. నిరుడు ఇందులో ఏమి పండింది? వాన కురిస్తే ఈ నీరు ఎటు పోతుంది? దీనికి మట్టి ఎక్కడి నుండి తెచ్చారు? దీని కింద చేను ఎవరిది? చివరి ప్రశ్నకు జవాబు అమ్మేవారు చెప్పరు. గట్టు మీదికి నడిచి మీరే అడగాలి.

రాజు అడిగినా తన పిత్రార్జితమైన తోటను ఇవ్వనన్న నాబోతు కథ మనకు చిన్ననాటి నుండి తెలుసు. అహాబు తన ఇంటి పక్కనుంది గనుక దాన్ని కోరుకున్నాడు. ఈ కాలంలో రాజులు లేరు. రోడ్డు పక్కనుంది గనుక చేను కోరుకునేది మనమే.

మొన్న సంక్రాంతికి మళ్ళీ ఆ దారిన వెళ్ళాము. పెద్దాయన చేను ఉన్నచోట కొత్త తోరణం కట్టారు. దాని అవతల ఇంకా నాలుగు చేలు పచ్చగా ఉన్నాయి. వాటి దాకా బోదె కాలువ, సన్నగానైనా, పారుతోంది. ఆగి చూశాము. దాన్ని పూడ్చకుండా కొత్త రోడ్డు కింద ఎవరో ఒక తూము పెట్టించారు. ఎవరు పెట్టించారో తెలియదు గాని, ఆ తూము ఖరీదు ఒక అంకణం ధర కూడా ఉండదు. ఆ నాలుగు చేలు ఈ ఏడు పండుతాయి.